పొయ్యి మీద నూనె

అమ్మ పోయాక పెట్టిన ఆదరణ కూడికలో నేను కుదురుగా కూర్చోలేకపోయాను. న్యూజెర్సీ పిస్కాటవేలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి ఇప్పుడు సొంత మందిరం ఉంది, మెత్తటి కుర్చీలున్నాయి, వెనక గదిలో బిర్యానీ ట్రేలు వెచ్చగా ఉంచే ఏర్పాటు కూడా ఉంది. అయినా ముందు వరసలో కూర్చున్న నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు లేచి మైకు పట్టుకుని అమ్మ గురించి చెబుతున్నారు. సుగుణమ్మగారు నర్సుగా ఎందరికో సేవ చేశారన్నారు. మా మొదటి వింటర్‌లో సుగుణా ఆంటీయే మాకు కోట్లు కొనిపెట్టిందన్నారు. అన్నీ నిజాలే. కానీ ప్రతివాళ్ళూ చివర్లో ఒక మాట తగిలించారు, ఆవిడ భయమంటే ఎరగని మనిషి అని. ఇద్దరు ముగ్గురు అన్నప్పుడు ఊరుకున్నాను. ఆఖర్న ప్రకాశరావు అంకుల్ లేచారు. మా సంఘానికి మొదటి పెద్ద ఆయనే. తొంభై దగ్గర పడింది. వాకర్ పట్టుకుని నిలబడి, ఎప్పటిలాగే మాటకు ముందు రెండుసార్లు గొంతు సవరించుకుని, "ఆనాడు పోలీసులు ఇంట్లోకి చొరబడ్డ శ్రమలో కూడా ప్రభువు మా సుగుణమ్మ భయమంతా నెల తిరక్కుండానే తీసివేశాడు. ఆ సాక్ష్యాన్ని నేనే టేపు చేశాను" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను లేచి పార్కింగ్ లాట్‌లోకి వచ్చేశాను.

నా వెనకే మా అమ్మాయి లేయా వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగింది, ఫార్మా కంపెనీలో ఉద్యోగం, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే ముక్కలు ముక్కలుగా వస్తుంది. "అమ్మా, యూ ఓకే? ఏడుస్తున్నావా?" అంది. ఏడవడం లేదు, ఒళ్ళు మండుతోంది, కాసేపు నడుస్తాను అన్నాను. "అంకుల్ ఏం చెప్పారు? అమ్మమ్మ ఇంట్లోకి పోలీస్ వచ్చారా? వై డిడ్ నోబడీ టెల్ మీ?" అంది. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. సరే రమ్మని, కార్ల మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ దానికి చెప్పిన కథే ఇది. దానికి చెప్పనివి కూడా ఒకటి రెండు ఇందులో ఉన్నాయి.

ఎనభైల మొదట్లో మేము న్యూజెర్సీలోనే ఒక చిన్న టౌనులో ఉండేవాళ్ళం. పేరు రాయను. ఇప్పుడక్కడ ఉన్న పోలీసుల్లో ఆనాటికి పుట్టనివాళ్ళే ఎక్కువ. నేను హైస్కూల్లో చదువుతున్నాను. నాన్న దేవదానం ఒక మందుల కంపెనీ లాబ్‌లో కెమిస్టు. అమ్మ హాస్పిటల్‌లో నైట్ షిఫ్ట్ చేసేది. సాయంత్రమయ్యేసరికి మా ఇంట్లో మూడు వాసనలు కలిసి ఉండేవి: నాన్న ఇస్త్రీ పెట్టెతో అమ్మ తెల్ల యూనిఫారం రుద్దుతున్న గంజి వాసన, తాళింపు వాసన, ఆ తాళింపు మా కోట్లకి పట్టకూడదని అమ్మ కిటికీ కాస్త తెరిచి పెడితే లోపలికొచ్చే చలి వాసన. యూనిఫారం ఇస్త్రీ మాత్రం నాన్న ఎవరికీ ఇచ్చేవాడు కాదు. "నీకు కాలర్ చెయ్యడం రాదులే" అని నన్ను పక్కకి జరిపేవాడు.

ఆ ఇంటికి ముందు తలుపు ఉన్నా దాని పని ఇన్సూరెన్సు ఏజెంటుకీ, కుకీలు అమ్ముకునే పిల్లలకీ మాత్రమే. మనవాళ్ళందరూ వెనక నుంచి మూడు మెట్లెక్కి వంటింటి తలుపు తోసుకుని వచ్చేవాళ్ళు. బూట్లు అక్కడే విప్పొచ్చు, హాల్లో కార్పెట్ పాడవదు, పైగా అమ్మ ఎలాగూ వంటింట్లోనే ఉంటుంది. తలుపు కొట్టే అలవాటు ఎవరికీ లేదు. "సుగుణమ్మా, ఏం వండావమ్మా" అంటూ మాటా మనిషీ ఒకేసారి లోపలికొచ్చేవి. గుంటూరు నుంచి, తెనాలి నుంచి వచ్చిన పది పన్నెండు కుటుంబాలు మావి. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకి తీసుకుని ఆరాధన, శుక్రవారాలు ఎవరో ఒకరింట్లో ప్రార్థన. మా ఇల్లు పెద్దది కాకపోయినా శుక్రవారం ఎక్కువగా మా వంతే వచ్చేది. అమ్మ చేగోడీలు అలాంటివి.

ఎదురింట్లోకి కొత్తగా వచ్చినావిడకి ఇదంతా వేరేలా కనపడింది. ప్రతి శుక్రవారం నల్లటి మనుషులు మూటలూ పెట్టెలూ పట్టుకుని, తలుపు కూడా కొట్టకుండా వెనక నుంచి దూరుతున్నారని పోలీసులకి ఫోన్ చేసింది. ఆ సాయంత్రం వచ్చిన పెట్టె ప్రకాశరావు అంకుల్ హార్మోనియం. ఆయన దాన్ని టేబుల్ మీద పెట్టి గాలితిత్తులు సరిచూసుకుంటున్నారు. నాన్న ఇంకా లాబ్ నుంచి రాలేదు. అమ్మ నైటీ మీద తువ్వాలు కప్పుకుని, పొయ్యి మీద నూనె కాగుతుంటే చేగోడీలు చుట్టి పళ్ళెంలో పేరుస్తోంది. నేను హాలు గుమ్మంలో నిలబడి పచ్చి పిండి తింటున్నాను. ముగ్గురు పోలీసులు అదే వెనక తలుపులోంచి, మా వాళ్ళలాగే తలుపు కొట్టకుండా వచ్చారు. ఇద్దరి చేతుల్లో తుపాకులున్నాయి. కింద పడుకోమని అరిచారు. అంకుల్ వెంటనే పడుకున్నారు. అమ్మ పడుకోలేదు. "స్టవ్ ఆన్‌లో ఉంది, నూనె" అని పొయ్యి వైపు తిరిగింది. వంట చేసే ఏ మనిషైనా అదే చేస్తుంది. ఒకతను అమ్మ చెయ్యి విరిచి పట్టుకుని నేల మీదికి తోశాడు.

నూనె మాడి వంటిల్లంతా పొగ కమ్మింది. పొయ్యి కట్టెయ్యండి సర్, పొయ్యి కట్టెయ్యండి సర్ అని అంకుల్ నేల మీద బోర్లా పడుకునే బతిమాలుతున్నారు. చాలాసేపటికి ఒకతను కట్టేశాడు. తరవాత ఇల్లంతా వెతికారు. బీరువాలో చీరలు తీసి మంచం మీద పోశారు, బియ్యం బస్తాలో చెయ్యి పెట్టి కలిపారు, ఒకతను సాంబారు పొడి డబ్బా మూత తీసి వాసన చూసి తుమ్ములు ఆపుకోలేకపోయాడు. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వుకి ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. వారంట్ లేదు. ఏం వెతుకుతున్నారో చెప్పలేదు. ఏమీ దొరక్కపోయేసరికి, గుడ్ ఈవెనింగ్ చెప్పి వెళ్ళిపోయారు.

అమ్మ మణికట్టు వాపు రెండు వారాల్లో తగ్గింది. నాన్నకి లాబ్‌లో ఎవరో ఒక లాయరమ్మ పేరు చెప్పారు, మిసెస్ క్లైన్ అని. డ్రై క్లీనింగ్ షాపు మీద ఆవిడ ఆఫీసు, మెట్లెక్కుతుంటే కిందనుంచి ఆవిరి మొహానికి కొట్టేది. ఆవిడ అంతా విని, ఇది ఫెడరల్ రాజ్యాంగం ప్రకారం తప్పు, న్యూజెర్సీ రాజ్యాంగం ప్రకారం కూడా తప్పు, రెండిటి కిందా కేసు వేద్దాం అంది. ఒక తప్పుకి రెండు రాజ్యాంగాలెందుకు అని అమ్మ అడిగింది. దేశానికి ఒకటి, రాష్ట్రానికి ఒకటి ఉంటాయి, దేశం ఇచ్చిన దానికన్నా రాష్ట్రం ఎక్కువ ఇవ్వొచ్చు గానీ తక్కువ ఇవ్వకూడదు, పైన చేజారింది కింద దొరకొచ్చు అని మిసెస్ క్లైన్ చెప్పింది. ఆ మాట నాన్నకి తెగ నచ్చింది. రెండు రాజ్యాంగాలూ లైబ్రరీలో కాపీలు తీయించుకుని, భోజనాల దగ్గర ఎర్ర పెన్సిలుతో గీతలు గీస్తూ చదివేవాడు. "ఇల్లు అనే మాట ఇందులోనూ ఉంది, అందులోనూ ఉంది చూశావా" అనేవాడు. అమ్మ ఆ కాగితాలు పక్కకి జరిపి వడ్డించేది.

ప్రకాశరావు అంకుల్ కేసులో చేరనన్నారు. ఆయన సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ దగ్గర పడింది. "మనం బతకడానికొచ్చాం తల్లీ, వాళ్ళ మీద కోర్టుకెక్కడానికి కాదు. నేను క్షమించేశాను. నువ్వూ క్షమించెయ్" అన్నారు.

"క్షమించాను అన్నయ్యగారూ," అంది అమ్మ. "నేను క్షమించినంత మాత్రాన రేపు ఇంకొకళ్ళ వంటింట్లోకి రాకుండా ఉంటారా?"

ఆయన మాట మార్చారు. పోనీ సంఘంలో సాక్ష్యమైనా చెప్పమ్మా, అందరూ బెదిరిపోయి ఉన్నారు, ఆదరణగా ఉంటుంది అన్నారు. ఆ ఆదివారమే అమ్మ లేచి నిలబడింది. ప్రభువు నా భయమంతా తీసివేశాడు, నా హృదయంలో ఏ గాయమూ లేదు, నాకు సంపూర్ణమైన శాంతి సమాధానాలు ఇచ్చాడు, స్తోత్రం అంది. ఊళ్ళల్లో ఉన్న అమ్మానాన్నలకి పంపడానికి ఆరాధనంతా అంకుల్ క్యాసెట్‌లో రికార్డు చేసేవారు. అదీ అందులోకి ఎక్కింది. ఆ వేళ ఆ మాటలకి నేను ఆశ్చర్యపోలేదు, ఎందుకంటే మా సంఘంలో సాక్ష్యం అలాగే చెబుతారు. మా జాన్‌బాబు అంకుల్ గ్రీన్ కార్డు రావడానికి రెండేళ్ళ ముందే గ్రీన్ కార్డు ఇచ్చినందుకు స్తోత్రం చెల్లించాడు. ఉద్యోగం లేనివాళ్ళు దేవుడు ఇచ్చిన ఉద్యోగం కోసం, పిల్లలు లేనివాళ్ళు దేవుడు ఇచ్చిన సంతానం కోసం లేచి నిలబడేవాళ్ళు. ముందు విశ్వాసంతో నోటితో ఒప్పుకోవాలి, తరవాత అది వచ్చేదాకా ఎదురుచూస్తూ కనిపెట్టుకుని ఉండాలి. మాలో చిన్నపిల్లలకి కూడా ఇది తెలుసు. మా సంఘం బయట ఎవరికీ తెలియదు.

తెలియనివాళ్ళలో టౌను తరఫు లాయరు ఒకడు. కేసు కోర్టుకి వెళ్ళేముందు ఇరుపక్షాల లాయర్లూ కూర్చుని అమ్మని ప్రమాణం మీద ప్రశ్నలడిగారు. ఈ సంగతి ఇంకెవరితోనైనా మాట్లాడారా అని అతను అడిగితే, సంఘంలో సాక్ష్యం చెప్పాను, టేపు కూడా ఉంది అంది అమ్మ. వినవచ్చా అన్నాడు. తప్పకుండా అంది. అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు ఆ క్యాసెట్‌కి కొత్త కవరు వేసి, మీదన ఒక బైబిల్ వచనం అందంగా రాసి తనే తీసుకెళ్ళి మిసెస్ క్లైన్ చేతికిచ్చింది, అవతలివాళ్ళకి అందజెయ్యమని. మిసెస్ క్లైన్ మొహం ఎలా మాడిందో చూసి ఆదుర్దాగా అడిగింది, "ఏమైంది? దేవుని మాట వింటే ఆయనకి మాత్రం నష్టమేంటి?"

నష్టం మాకని మిసెస్ క్లైన్ మెల్లగా చెప్పింది. భయం లేదు, గాయం లేదు అని మీరే అన్నాక, జరిగింది తప్పే గానీ ఈవిడకేమీ కాలేదు అని జ్యూరీ అనొచ్చు. అప్పుడు హక్కు ఉందని ఒప్పుకుంటూ ఒక్క డాలరు చేతిలో పెడతారు. టౌను భుజాలు ఎగరేసి, మళ్ళీ ఎప్పటిలాగే తలుపులు తోసుకుంటూ పోతుంది. మీరు నిజంగా ఇప్పుడు ఎలా ఉన్నారో కోర్టులో చెప్పాలి అంది.

నిజంగా ఎలా ఉందో ఇంట్లో మాకు తెలుసు. అమ్మ వెనక తలుపుకి కుర్చీ అడ్డం పెట్టేది. షిఫ్ట్ నుంచి వచ్చి నిద్రపోకుండా హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేది. అన్నిటికన్నా, నూనె మూకుడు పొయ్యి మీద పెట్టడం మానేసింది. ఆ యేడు క్రిస్మస్‌కి మా ఇంట్లో నూనెలో వేయించే గులాబీ పువ్వులు లేవు, చేగోడీలు లేవు. వచ్చినవాళ్ళకి డబ్బాలో బిస్కట్లు పెట్టింది. ఒకసారి నేను అప్పడాలు వేయిద్దామని నూనె పోస్తే, గబగబా వచ్చి పొయ్యి కట్టేసి నా చెయ్యి గట్టిగా పట్టుకుని అలాగే నిలబడింది. అన్ని రక్తాలూ చావులూ చూసిన నర్సు చెయ్యి అది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

విచారణకి ముందు శుక్రవారం ప్రకాశరావు అంకుల్ వచ్చారు. ఆ సంఘటన తరవాత ఆయన ఎప్పుడూ వెనక నుంచి రాలేదు, ముందుకొచ్చి బెల్లు కొట్టి, తెరిచేదాకా చేతులు కనపడేలా నిలబడేవారు. కూర్చుని, గొంతు సవరించుకుని, "దేవుని సన్నిధిలో భయం పోయిందన్నావు. రేపు కోర్టులో బైబిల్ మీద చెయ్యేసి భయం ఉందంటే, రెండిట్లో ఏది అబద్ధం తల్లీ? సంఘం ఏమనుకోవాలి?" అన్నారు. నాన్న ఎర్ర పెన్సిలు పక్కన పెట్టి, "ఆవిణ్ణి కాస్త వదిలెయ్యండి ప్రకాశరావుగారూ" అన్నాడు. నాన్న పెద్దల్ని ఎదిరించి మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. అంకుల్ వెళ్ళాక అమ్మ మోకరించి చాలాసేపు ఉండిపోయింది. ఏం చెబుతావమ్మా అని అడిగితే, "నాకు తెలీట్లేదే అమ్మడూ" అంది. కేసు ఓడిపోతామన్న బెంగ ఆమెకి లేదు. ఇటు చెబితే దేవుడి ముందు అబద్ధికురాలు, అటు చెబితే తన వంటింటికి జరిగింది ఏమీ కానట్టే. ఆ రెండిటి మధ్యా నలిగిపోయింది.

కోర్టులో టౌను లాయరు టేపు వేశాడు. అమ్మ గొంతు, వెనకాల మా వాళ్ళ ఆమెన్లు, పక్కనెవరో పసిపాప ఏడుపు ఆ పెద్ద హాలంతా వినిపించాయి. తరవాత ఇంగ్లీషు అనువాదం చదివాడు. "ఈ మాటలు మీవేనా?" అన్నాడు. నావే అంది. "నిజమేనా?" అన్నాడు. నా పక్కన నాన్న మోకాలు ఊగుతోంది, నేను చేత్తో పట్టుకుని ఆపాను. వెనక వరసలో ప్రకాశరావు అంకుల్ ఉన్నారు. సాక్షిగా రానన్న మనిషి వినడానికి మాత్రం వచ్చారు.

అమ్మ తన నర్సు ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. "మా సంఘంలో ఇవ్వకముందే థ్యాంక్స్ చెబుతాం సర్. చెప్పి, వచ్చేదాకా కనిపెట్టుకుని ఉంటాం."

"మరి వచ్చిందా?" అన్నాడతను. గొంతులో కాస్త వెటకారం ఉంది.

"ఇంకా రాలేదు," అంది అమ్మ. ఆపై ఎవరూ అడక్కుండానే, "అప్పట్నుంచీ నేను పొయ్యి మీద నూనె పెట్టలేదు" అంది.

వారంట్ లేకుండా రావడం రెండు రాజ్యాంగాల ప్రకారమూ తప్పని, ఆమెకి జరిగిన హాని నిజమేనని జ్యూరీ చెప్పింది. ఎవరో ఫోన్ చేశారని వారంట్ లేకుండా ఇళ్ళలోకి వెళ్ళకూడదని, జడ్జి ముందు టౌను ఒక ఉత్తర్వుకి ఒప్పుకుంది. స్టేషన్ గోడకి దాన్ని అంటించారని మిసెస్ క్లైన్ ఫోన్ చేసి చెప్పింది. నాన్న ఆ సాయంత్రం యూనిఫారం కాలర్ రెండుసార్లు ఇస్త్రీ చేశాడు. సంఘంలో మాత్రం పాట ఎత్తే పని కొన్నాళ్ళు అమ్మకి ఇవ్వలేదు. ఎవరూ ఏమీ అనలేదు, వేరేవాళ్ళు ఎత్తుకున్నారంతే. అమ్మ అదే వరసలో కూర్చుని పాడింది. మళ్ళీ ఆమె చేతికి పాట రావడానికి చాలాకాలం పట్టింది. మళ్ళీ మా ఇంట్లో నూనె కాగలేదు. గారెలు తినాలనిపిస్తే వాళ్ళింటికో వీళ్ళింటికో వెళ్ళేవాళ్ళం.

ఇప్పుడు లేయా ఇంటి తలుపుకి కెమెరా ఉంది. ఎవరైనా వస్తే ఫోన్‌లో మొహం చూసి, వాళ్ళు ముందే టెక్స్ట్ చేశారా లేదా అని ఆలోచించి తీస్తుంది. పోలీసులు తలుపు దగ్గరికొస్తే ఏం అనాలో, ఏం అనకూడదో దాని ఫ్రెండ్స్ అందరికీ బట్టీ వచ్చు. మంచిదే. మాకు ఆ రోజు అందులో ఒక్క ముక్క తెలియదు. కానీ వాళ్ళ వెనక తలుపులన్నిటికీ తాళాలే, తలుపు తోసుకుని ఏం వండావమ్మా అంటూ వచ్చే మనిషి ఒక్కరూ లేరు. తలుపు మాది అని కోర్టు చెప్పాక దాన్ని మేమే మూసుకున్నాం. ఎక్కడ లాభపడ్డామో ఎక్కడ నష్టపోయామో ఆలోచిస్తే నాకు తల తిరుగుతుంది.

లేయా అంతా విని ఒక కారుకి ఆనుకుని నిలబడింది. "సో అమ్మమ్మ భయపడేదా?"

"రోజూ."

"మరి కోర్ట్‌కి ఎందుకు వెళ్ళింది?"

"అందుకే వెళ్ళింది," అన్నాను.

లోపలికి వెళ్ళేసరికి పాస్టరుగారు కుటుంబం తరఫున కృతజ్ఞతలు చెప్పమని మైకు చేతికిచ్చారు. వచ్చినందుకు, వండినందుకు అందరికీ వందనాలు చెప్పాను. కూర్చోబోయి కూర్చోలేకపోయాను. "మా అమ్మకి భయం పోలేదు," అన్నాను. "మీరందరూ పోయిందంటున్నారు. అడిగిన శాంతి ఇంకా రాలేదని కోర్టులో ఆవిడే అంది. మొన్న హాస్పిటల్‌లో కూడా తలుపుకి కుర్చీ అడ్డం పెట్టమంది. ఆ భయం మోస్తూనే మీ అందరికీ కోట్లు కొనిపెట్టింది. అది కూడా చెప్పండి, చాలు." ఎవరూ ఆమెన్ అనలేదు. నేను మైకు పెట్టేసి వెనక్కి నడిచాను.

భోజనాల గదిలో ఎవరో తెచ్చిన గారెల వాసన వస్తోంది. ప్రకాశరావు అంకుల్ దారిలోనే కుర్చీలో ఉన్నారు. నన్ను తిడతారనుకున్నాను, నేనూ అందుకు సిద్ధంగానే ఉన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు. గొంతు సవరించుకోలేదు. చుట్టుపక్కల ఎవరైనా వింటున్నారేమో అని కూడా చూడలేదు.

"నాకూ ఇంకా రాలేదమ్మా," అన్నారు.